నేలమట్టమై మళ్ళీ లేచిన కోట

1749వ సంవత్సరంలో చెన్నపట్నం కోటమీద ఫ్రెంచివారి జెండా దిగి, ఇంగ్లీషువారి జెండా ఎక్కింది. అంతకు మూడేళ్ళ ముందు, 1746 సెప్టెంబరులో, లా బూర్దొనే అనే ఫ్రెంచి నౌకాధిపతి ఓడలతో వచ్చి ఆ పట్నాన్ని పట్టుకున్నాడు. ఇంగ్లీషువారు దాన్ని యుద్ధం చేసి తిరిగి గెలుచుకోలేదు. ఫ్రెంచివారే ఖాళీ చేసి వెళ్ళిపోయారు. చేజిక్కిన పట్నాన్ని వాళ్ళు అలా ఎందుకు వదులుకున్నారు?

అందుకు కారణం భూగోళానికి అవతలివైపున, కెనడాలో ఉన్నది. అక్కడ అట్లాంటిక్ మహాసముద్రం ఒడ్డున, కేప్ బ్రెటన్ అనే దీవిలో, ఫ్రెంచివారికి లూయిస్‌బర్గు అనే కోట ఒకటి ఉండేది. 1745లో అది ఇంగ్లీషువారి వశమయింది. 1748లో ఎక్స్-లా-షపేల్ అనే ఊళ్ళో సంధి కుదిరినప్పుడు, యుద్ధంలో పట్టుకున్న ప్రదేశాలను ఎవరివి వారికి ఇచ్చివేయాలని నిర్ణయమయింది. ఆ ప్రకారం ఇంగ్లీషువారు లూయిస్‌బర్గును ఇచ్చారు, ఫ్రెంచివారు చెన్నపట్నాన్ని ఇచ్చారు. ఈ మార్పిడి మీకు సమ్మతమేనా అని ఆ రెండు ఊళ్ళలోనూ ఎవరూ ఎవరినీ అడగలేదు.

ఆనాటి చెన్నపట్నం ఈనాడు చెన్నై మహానగరం. లూయిస్‌బర్గు గతి వేరు. మార్పిడి జరిగిన పదకొండేళ్ళకే అది నేలమట్టమైపోయింది. రెండు వందల ఏళ్ళపాటు గడ్డి మొలిచిన దిబ్బలుగా పడి ఉన్నది. ఆ తరువాత మళ్ళీ లేచింది. లేపినవారు రాజులూ కాదు, సేనాపతులూ కాదు. పని పోయిన బొగ్గుగని కూలీలు!

కేప్ బ్రెటన్ దీవిలో మిరియాలు పండవు, అద్దకం బట్టలు తయారు కావు. వేసవి నాలుగు నాళ్ళ ముచ్చట. మిగిలిన కాలమంతా మంచో, పొగమంచో, ఎముకలు కొరికే గాలో ఉంటుంది. అటువంటి చోట కోట ఎందుకు కట్టారంటే, చేపల కోసం.

ఆ సముద్రంలో కాడ్ అనే చేపలు కోకొల్లలుగా ఉండేవి. ఐరోపాలోని కేథలిక్కులు శుక్రవారాల్లోనూ, పెద్ద ఉపవాస దినాల్లోనూ మాంసం ముట్టేవారు కారు. చేప తినవచ్చు. కాడ్ చేపలో మరొక గుణం ఉన్నది. దాని కొవ్వంతా కాలేయంలోనే ఉండి, కండలో దాదాపు ఉండదు. కొవ్వున్న కండ త్వరగా ముక్కిపోతుంది. కాడ్ కండ అలా కాదు. చీల్చి, ఉప్పు పట్టించి, ఎండబెడితే నెలల తరబడి నిలవ ఉంటుంది. లూయిస్‌బర్గు తీరమంతా కర్రలతో మంచెలు కట్టి, వాటిమీద చేపలు ఎండబెట్టేవారు. మన కోస్తా పల్లెల్లో ఎండుచేపల వాసన ఎరిగినవారికి ఆ ఊరు ఎలా ఉండేదో వేరే చెప్పనక్కరలేదు. అక్కడి నుంచి ఓడలు చేపలు నింపుకొని ఫ్రాన్సుకూ, చక్కెర పండించే కరిబియన్ దీవులకూ పోయేవి.

1713లో ఉట్రెక్ట్ సంధి ప్రకారం ఫ్రెంచివారు న్యూఫౌండ్లండ్ దీవినీ, అకేడియా అనే భూభాగాన్నీ ఇంగ్లీషువారికి వదులుకోవలసి వచ్చింది. కేప్ బ్రెటన్ మాత్రం వారికి మిగిలింది. ఆ ఏడే న్యూఫౌండ్లండ్ నుంచి సుమారు 150 మంది ఫ్రెంచి బెస్తలూ, సిపాయిలూ, వాళ్ళ పెళ్ళాం బిడ్డలూ వచ్చి ఆ రేవులో దిగారు. ఆ దీవి తరతరాలుగా మిక్‌మాక్ జాతివారిది. ఉట్రెక్ట్‌లో సంధి రాసుకున్నవారికి అది గుర్తుకు వచ్చినట్టు లేదు. ఊరికి ఫ్రాన్సు రాజు పద్నాలుగవ లూయీ పేరు పెట్టారు.

1719లో కోట పని మొదలుపెట్టారు. మొదట వెర్విల్, తరువాత వెర్రియే అనే ఇంజనీర్లు ఆ పని నడిపారు. కోట నమూనాకు మూలం ఫ్రాన్సులో వోబన్ అనే మహా ఇంజనీరు నేర్పిన పద్ధతి.

మన గోల్కొండకూ, కొండవీటికీ ఉన్నట్టుగా ఆకాశానికి లేచే గోడలు ఈ రకం కోటలకు ఉండవు. ఎందుకంటే, పెద్ద ఫిరంగులు వచ్చిన తరువాత గోడ ఎంత ఎత్తుంటే అంత మంచి గురి అయింది. అందుచేత వోబన్ నాటి ఇంజనీర్లు గోడలను పొట్టిగానూ, బాగా మందంగానూ కట్టి, మధ్య మట్టి కూరేవారు. గుండు వచ్చి తగిలితే మట్టిలో దిగబడిపోతుంది. బురుజులను గుండ్రంగా కాక, బాణపు ములికి ఆకారంలో కోణంగా కట్టేవారు. గుండ్రని బురుజు అడుగున శత్రువు నక్కితే పక్క బురుజువాళ్ళకు కనిపించడు. కోణపు బురుజు అయితే నక్కటానికి చోటే ఉండదు. ప్రతి గోడనూ పక్క బురుజులోని ఫిరంగి కాపాడుతుంది. లూయిస్‌బర్గు చుట్టూ రెండున్నర మైళ్ళ గోడ. పడమటివైపున అది 30 అడుగుల ఎత్తు, 36 అడుగుల మందం. దాని బయట వెడల్పయిన కందకం.

కాగితం మీద ఇది ఎంతో బాగుంది. కట్టబోయేసరికి ఫ్రాన్సులో లేని శత్రువు ఒకడు ఎదురయ్యాడు. వాడే చలి.

రాళ్ళను అతికే అడుసును ఆ రోజుల్లో సున్నమూ ఇసుకా కలిపి చేసేవారు. ఆ సున్నం గాలిలోని బొగ్గుపులుసు గాలిని, అంటే కార్బన్ డయాక్సైడును, మెల్లమెల్లగా పీల్చుకొని తిరిగి రాయిలా గట్టిపడుతుంది. ఇందుకు నెలలు పడుతుంది. లూయిస్‌బర్గులో ఆ నెలలు దొరకవు. అడుసు ఇంకా పచ్చిగా ఉండగానే చలికాలం వచ్చిపడుతుంది. అందులోని నీరు గడ్డకడుతుంది. నీరు గడ్డకట్టినప్పుడు నూటికి తొమ్మిది వంతులు ఉబ్బుతుంది. నీళ్ళు నింపి గట్టిగా మూత బిగించిన సీసాను మంచుపెట్టెలో పెడితే ఏమవుతుందో మీ అమ్మగారిని అడగండి. కోట గోడల లోపల ఇటువంటి సీసాలు లక్షలు పగిలేవన్నమాట. దానికి తోడు సముద్రపు ఇసుకలోని ఉప్పు అడుసును మరింత పాడుచేసింది. ఒక పక్క కడుతూ ఉంటే మరొక పక్క రాళ్ళు జారేవి. చివరకు మంచు తగలకుండా గోడలకు చెక్కలు కొట్టి కప్పారు. కట్టడంలో ఒక వంతు కాలం మరమ్మతులకే పోయింది.

ఖర్చు ఏటేటా పెరిగింది. అప్పటికి ఫ్రాన్సు రాజు పదిహేనవ లూయీ. ఈ లెక్కలు చూసి చూసి, లూయిస్‌బర్గు కోట బురుజులు వెర్సాయిలోని తన మేడ కిటికీ నుంచి ఎప్పుడు కనిపిస్తాయా అని ఎదురు చూస్తున్నానని ఆయన అన్నట్టు ఒక కథ ఉన్నది. రాజుల పేర పుట్టే కథలన్నిటిలాగే ఇదీ పుట్టి ఉంటుంది.

ఏమయితేనేం, 1740ల నాటికి ఊరు నిలబడింది. సుమారు రెండు వేలమంది జనమూ, వారిగాక దండూ ఉండేవారు. రాజు బురుజులోని సిపాయిల బారకాసు ఆ రోజుల్లో ఉత్తర అమెరికాలోని అతి పెద్ద భవనాల్లో ఒకటి. రేవు ముఖద్వారంలో 1734లో ఒక దీపస్తంభం వెలిగించారు. ఈనాటి కెనడా దేశం మొత్తంమీద అదే మొట్టమొదటి దీపస్తంభం. అందులో చేపనూనె పోసి వత్తులు వెలిగించేవారు. రెండేళ్ళకే దాని దీపపుగది అంటుకొని కాలిపోగా, 1738లో మళ్ళీ కట్టారు. దగ్గరలోనే నేలలో నల్లబొగ్గు దొరుకుతుందని తెలిసి, 1720 నుంచి బొగ్గు తవ్వించారు. ఈ బొగ్గు మన కథలోకి మళ్ళీ వస్తుంది.

సిపాయి బతుకు మాత్రం గొప్పది కాదు. నాలుగు రోజులకు ఆరు పౌండ్ల రొట్టె ఒకటి ఇచ్చేవారు. దాన్ని మొదటి రోజే తినేస్తాడో, నాలుగు రోజులూ దాచుకుంటాడో వాడి ఇష్టం. కోట పనిలో కూలీలుగా రాళ్ళు మోయటమూ వారి వంతే. ఆ కూలి డబ్బు సరిగా చేతికి వచ్చేది కాదు. 1744 డిసెంబరులో, పుచ్చిపోయిన కూరగాయలు పెట్టారనీ, రావలసిన సొమ్ము ఇవ్వలేదనీ దండంతా తిరగబడింది. డోళ్ళు మోగిస్తూ వీధుల్లోకి వచ్చిన సిపాయిలను చూసి అధికారులు గడగడలాడారు. అడిగినవి కొన్ని ఇచ్చి అప్పటికి సర్దిచెప్పారు.

ఆరు నెలలు తిరిగేసరికి ఆ కోట పడిపోయింది. విశేషమేమిటంటే, దాన్ని పట్టినవారు ఆరితేరిన యోధులు కారు. దక్షిణాన మసాచూసెట్స్ మొదలయిన ఇంగ్లీషు వలసలకు చెందిన రైతులు, బెస్తలు, వడ్రంగులు సుమారు నాలుగు వేలమంది. వాళ్ళ సేనాధిపతి విలియం పెప్పరెల్ ఒక వర్తకుడు. వారెన్ అనే నౌకాధిపతి యుద్ధనౌకలు వాళ్ళకు తోడు వచ్చాయి.

కోట సముద్రంవైపు బలమైనది. రేవులోకి దూరిన ఓడ ఏదీ బతికి బట్టకట్టలేదు. కాని కోట వెనక చిన్న చిన్న గుట్టలున్నాయి. వాటిమీద ఫిరంగులు పెడితే గోడలు బాగా అందుతాయి. గుట్టలకూ తీరానికీ మధ్య ఒక పెద్ద ఊబి ఉండటంచేత, అందులో నుంచి ఎవడూ ఫిరంగులు తేలేడని ఫ్రెంచివారు నిశ్చింతగా ఉన్నారు. నిజంగానే ఫిరంగుల బండ్లు ఇరుసులదాకా దిగబడ్డాయి. అప్పుడు మెజర్వ్ అనే ఓడలు కట్టే మేస్త్రీ, చక్రాలు లేకుండా బల్లపరుపుగా ఉండే చెక్కబండ్లు చేయించాడు. బరువు ఎక్కువ చోటుమీద పరుచుకుంటే బురదలో దిగబడదు. ఎద్దులు నడవలేని చోట వందలాది మనుషులు మోకాటిలోతు బురదలో నిలబడి, మోకులు పట్టి, రాత్రివేళల్లో ఆ ఫిరంగులను లాగారు.

రేవుకు అవతలి గట్టున ఫ్రెంచివారిది మరొక ఫిరంగుల కోట ఉండేది. దానిని నిలుపుకోలేమని వాళ్ళు వదిలిపెట్టి, పోతూ పోతూ ఫిరంగుల్లో మందు అంటించే రంధ్రాలలో మేకులు దిగగొట్టిపోయారు. శత్రువుల్లో తుపాకులు బాగుచేసే కమ్మర్లు ఉన్నారు. వాళ్ళు ఆ మేకులను తొలిచి తీసి, ఫ్రెంచివారి ఫిరంగులనే లూయిస్‌బర్గువైపు తిప్పారు. ఏడు వారాల ముట్టడి తరువాత 1745 జూన్ 28న కోట లొంగిపోయింది. ఊళ్ళోని ఫ్రెంచివారిని ఓడలెక్కించి ఫ్రాన్సు పంపేశారు. గెలిచినవాళ్ళు ఆ చలికాలం కూలిన ఇళ్ళల్లో గడిపి, జ్వరాలు వచ్చి వందల సంఖ్యలో చచ్చిపోయారు. యుద్ధంలో పోయినవారికంటె రోగాలతో పోయినవారే ఎక్కువ.

ఇంత కష్టపడి పట్టిన కోటను చెన్నపట్నం కోసం తిరిగి ఇచ్చేశారని తెలిసినప్పుడు వాళ్ళకు ఎంత ఒళ్ళు మండిందో ఊహించవచ్చు. ఇంగ్లండు ప్రభుత్వం వాళ్ళ ఖర్చులు చెల్లించింది. చనిపోయినవారిని చెల్లించలేదు.

ఇంగ్లీషువారు 1749లోనే దగ్గరలో హాలిఫాక్స్ అనే కొత్త రేవుపట్నం కట్టుకున్నారు. తొమ్మిదేళ్ళ తరువాత రెండవసారి లూయిస్‌బర్గు మీదికి వచ్చారు. ఈసారి వచ్చినవాళ్ళు రైతులు కారు. ఆమ్‌హర్స్ట్ సేనాపతి కింద పదమూడు వేలకు పైగా సిపాయిలు, వారిని మోసుకొచ్చిన పెద్ద ఓడల దండూ వచ్చింది. ఆ ఓడల దండుకు అధిపతి బోస్కావెన్. చెన్నపట్నం ఇంగ్లీషువారి చేతికి తిరిగి వచ్చినప్పుడు మన కోరమాండల్ తీరంలో ఇంగ్లీషు నౌకాబలానికి నాయకుడు ఈయనే! మార్పిడిలో ఒక కోటను పుచ్చుకొన్నవాడే, పదేళ్ళు నిండకుండా రెండవదాన్ని కూడా లాక్కోవటానికి వచ్చాడన్నమాట.

కోటలోని ఫ్రెంచి గవర్నరు డ్రూకూర్. ఆయన భార్య రోజూ గోడమీదికి వెళ్ళి మూడు ఫిరంగులు స్వయంగా కాల్చి సిపాయిలకు ధైర్యం చెప్పేదని చెప్పుకుంటారు. కాని రేవులోని ఫ్రెంచి యుద్ధనౌకలు తగలబడ్డాయి. రాజు బురుజులోని బారకాసు కూడా తగలబడింది. 1758 జూలై 26న కోట రెండవసారి లొంగిపోయింది.

మరొకసారి మార్పిడికి ఇంగ్లీషువారు ఆస్కారమివ్వదలచలేదు. సంధి బల్లమీద తిరిగి ఇచ్చేందుకు కోటంటూ ఉంటేగదా! 1760లో మంత్రి పిట్ ఉత్తరువు ప్రకారం, గోడల కింద సొరంగాలు తవ్వి, పీపాలకొద్దీ తుపాకిమందు కూరి, నెలల తరబడి ఒక్కొక్క బురుజునే పేల్చేశారు. చెక్కిన రాళ్ళలో మంచివి హాలిఫాక్స్‌కు తరలిపోయాయి. 1768లో మిగిలిన సిపాయిలు కూడా వెళ్ళిపోయారు. రాజు బురుజు కింది కమాను గదులు కొన్ని మాత్రం పేలుడుకు తట్టుకొని, గడ్డి దిబ్బల మధ్య నోళ్ళు తెరుచుకొని ఉండిపోయాయి.

ఇక్కడ రెండు వందల ఏళ్ళు దాటుదాం. మధ్యలో చెప్పుకోదగినది ఒకటే. మెక్లెనన్ అనే ఆయన ఈ శిథిలాల మీద మనసు పడి పాత పత్రాలు వెదికి, 1918లో లూయిస్‌బర్గు చరిత్ర ప్రకటించాడు. ఆ తరువాత కెనడా ప్రభుత్వం ఆ చోటును జాతీయ చారిత్రక స్థలంగా గుర్తించింది.

ఫ్రెంచివారు మొదలుపెట్టిన బొగ్గు తవ్వకం ఈలోగా పెద్ద పరిశ్రమ అయింది. కేప్ బ్రెటన్‌లో ఊళ్ళకు ఊళ్ళే బొగ్గుగనుల మీద బతికేవి. 1950ల్లో నూనె, గ్యాసు వాడకం పెరిగి, రైళ్ళు కూడా డీజిలుతో నడవటం మొదలుపెట్టాక బొగ్గు అడిగేవారు తగ్గిపోయారు. గనులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. తండ్రులూ తాతలూ గనిలోనే పనిచేసినవాళ్ళు, మరొక పని ఎరగనివాళ్ళు, వేలసంఖ్యలో వీధిన పడే స్థితి వచ్చింది. ప్రభుత్వం ఈ సంగతి విచారించటానికి రాండ్ అనే న్యాయమూర్తిని నియమించింది. బొగ్గు సంగతి విచారించమంటే ఆయన 1960లో చెప్పిన సలహాలలో ఒకటి, లూయిస్‌బర్గు కోటను మళ్ళీ కట్టమని! పని లేనివారికి పని దొరుకుతుంది, చూడవచ్చే యాత్రికులతో ఊరికి రాబడి వస్తుంది.

1961లో పని మొదలయింది. పేరుకు రెండున్నర కోట్ల డాలర్ల పథకం. ఇరవై ఏళ్ళపాటు సాగింది. మొత్తం కోటను కాదు, నాలుగవ వంతును మాత్రమే కట్టాలనుకున్నారు.

అయితే కళ్ళతో ఎవరూ చూడని కోటను ఎలా కడతారు? ఫోటోలు లేవు. చూసినవాళ్ళు పోయి రెండు వందల ఏళ్ళయింది. ఇక్కడే ఒక వింత జరిగింది. ఆనాడు ఫ్రాన్సులోని మంత్రి ఊరకే డబ్బు పంపేవాడు కాదు. ఎన్ని మేకులు, ఎన్ని ఇటుకలు, తలుపులకు ఏ రంగు, కిటికీలకు ఎన్ని అద్దాలు, కూలి ఎంత, అన్నీ రాసి పంపాలి. ఎవరైనా చనిపోతే ఒక రాయసగాడు వచ్చి ఇంట్లోని బానలూ, దుప్పట్లూ, కుర్చీలూ లెక్కపెట్టి జాబితా రాసేవాడు. ఇంజనీర్లు ప్రతి కట్టడానికీ పటాలు గీశారు. ఆ రాతకోతలను చూసి అప్పట్లో ఎంతమంది విసుక్కున్నారో తెలియదుగాని, ఆ కాగితాలు ఫ్రాన్సులోని భాండాగారాల్లో భద్రంగా ఉండిపోయాయి. ఇంగ్లీషువారు పేల్చేసినవి రాళ్ళు. కాగితాలు వాళ్ళకు అందలేదు. చరిత్రకారులు సుమారు ఏడున్నర లక్షల పుటలకు నకళ్ళు తీయించి, కెనడా తెచ్చి చదవటం మొదలుపెట్టారు.

ఒక పక్క చదువుతూ ఉంటే, మరొక పక్క తవ్వారు. దిబ్బల కింద పునాదులు చెక్కుచెదరకుండా బయటపడ్డాయి. పగిలిన చైనా పింగాణీ, బొత్తాలు, తలుపు బందులు, తుపాకి గుళ్ళు, పొగాకు గొట్టాలు, ఇలా లక్షలకొద్దీ వస్తువులు దొరికాయి. ఆనాటి మరుగుదొడ్ల గుంటల్లో దొరికినన్ని విశేషాలు గవర్నరు పడకగదిలో కూడా దొరకలేదంటే మీకు నవ్వు వస్తుంది. కాని పగిలిన గిన్నెను ఎవరైనా అక్కడే పడవేస్తారుగదా!

కాగితమూ నేలా ఒకటే మాట చెబితే కట్టడం తేలిక. ఇంజనీరు పటంలో గీసింది ఒకటి, తవ్వితే కనిపించింది మరొకటి అయితే చిక్కు వచ్చేది. పటం గీసినంత మాత్రాన ఆ ప్రకారమే కట్టారని నమ్మకమేమిటి? కొన్నిసార్లు గోడ లేపటం ఆపి వారాలకొద్దీ వాదించుకునేవారు. ఏ సంవత్సరపు కోటను కట్టాలన్నది మరొక ప్రశ్న. కోట ఏటేటా మారుతూ వచ్చిందికదా. చివరకు మొదటి ముట్టడికి ముందు, 1744 వేసవిలో ఊరు ఎలా ఉండేదో అలా కట్టాలని తీర్మానించారు.

గని కూలీల సంగతి చెప్పనేలేదు. జీవితమంతా నేల కింద చీకటిలో పనిచేసినవాళ్ళు, నలభై యాభై ఏళ్ళ వయసువాళ్ళు, పాత పద్ధతిలో రాళ్ళు చెక్కటం, గొడ్డలితో దూలాలు చదునుచేయటం, కొలిమిలో మేకులూ తాళాలూ తయారుచేయటం కొత్తగా నేర్చుకున్నారు. మిల్లు రంపం కోసిన దూలం నున్నగా ఉంటుంది. 1744 నాటి దూలంమీద గొడ్డలి గాట్లుంటాయి. ఆ గాట్లు సరిగా పడేదాకా వాళ్ళను వదిలేవారు కాదు. కొద్ది ఏళ్ళకే వీరిలో చాలామంది పేరున్న తాపీవారూ, వడ్రంగులూ, కమ్మర్లూ అయ్యారు. దౌఫిన్ ద్వారం లేచింది. రాజు బురుజూ, దాని బారకాసూ, గవర్నరు గదులూ, ప్రార్థనా మందిరమూ లేచాయి. రేవు ఒడ్డున వీధులు వీధులే లేచాయి. కంటికి కనిపించని చోట్ల మాత్రం ఈ కాలపు పద్ధతులు కొన్ని వాడుకున్నారు. చలి ఏమీ మారలేదు గనక, మరమ్మతులు అప్పటిలాగే ఇప్పుడూ తప్పవు.

ఇదంతా అందరికీ నచ్చిందనుకోకండి. కోటకు చుట్టుపక్కల ఉన్న చిన్న పల్లెలవారిని ఈ పథకం కోసం ఇళ్ళు ఖాళీ చేయించారు. పురావస్తు పండితులలో కొందరు, అసలు పునాదిమీద కొత్త గోడ కడితే అసలుది శాశ్వతంగా కప్పబడిపోతుందనీ, శిథిలాన్ని శిథిలంగానే ఉంచాలనీ వాదించారు. వాళ్ళ మాట తీసిపారేయదగింది కాదు. అందుకే కాబోలు, మూడు వంతుల ఊరును ఇప్పటికీ ముట్టుకోలేదు. అక్కడ గడ్డి కింద పునాదుల గుర్తులు మాత్రమే కనిపిస్తాయి.

వేసవిలో అక్కడికి వెళ్ళినవారిని దౌఫిన్ ద్వారం దగ్గర ఆనాటి దుస్తులు వేసుకున్న సిపాయి అడ్డగించి, ఎవరు నువ్వని గద్దిస్తాడు. రొట్టెల కొట్టులో సిపాయి రొట్టె కాలుస్తారు. కమ్మరి కొలిమి ఊదుతాడు. సామాన్యుల పూటకూళ్ళింట్లో భోజనానికి చెంచా ఒక్కటే ఇచ్చే ఆచారం కూడా పాటించారు. ఫోర్కులు గొప్పవాళ్ళకే!

కాగితాలు చదవగా చదవగా గవర్నర్ల సంగతులే కాక, మరచిపోయిన మనుషుల సంగతులు కూడా బయటపడ్డాయి. ఆ దీవిలో 260 మందికి పైగా బానిసలు ఉండేవారని తేలింది. వారిలో మారీ మార్గరీత్ రోజ్ అనే ఆవిడను ఆఫ్రికాలోని గినీ నుంచి తెచ్చి అమ్మారు. ఇంచుమించు ఇరవై ఏళ్ళు ఒక అధికారి ఇంట్లో వంటా, కుట్టుపనీ, తోటపనీ చేసింది. 1755లో విడుదల పొంది, మిక్‌మాక్ జాతి యువకుణ్ణి పెళ్ళాడి, సొంతంగా ఒక పానశాల పెట్టుకున్నది. రెండేళ్ళకే, 1757లో, చనిపోయింది. ఆవిడ ఇంట్లో ఉన్న సామానంతా రాయసగాడు అలవాటు ప్రకారం జాబితా రాశాడు గనకనే ఈనాడు ఆవిడ పేరు మనకు తెలిసింది. 2008లో కెనడా ప్రభుత్వం ఆవిడను జాతీయ చరిత్రలో స్మరించదగిన వ్యక్తిగా ప్రకటించింది.

ఇప్పుడు లూయిస్‌బర్గుమీదికి వస్తున్నది దండు కాదు, సముద్రం. 1740లతో పోల్చితే అక్కడ నీటిమట్టం సుమారు 90 సెంటీమీటర్లు పెరిగింది. దీనికి రెండు కారణాలు. వేల ఏళ్ళ కిందట ఉత్తర అమెరికాను కప్పిన మంచుగడ్డలు కరిగిపోయినప్పటి నుంచి అక్కడి నేల మెల్లగా కుంగుతూ ఉన్నది. ఆపైన భూమి వేడెక్కి సముద్రాలు పొంగుతున్నాయి. ఓడలను కట్టటానికి ఫ్రెంచివారు రేవు గోడకు బిగించిన ఇనుప కడియాలున్న ఎత్తుకు ఇప్పుడు పోటునీరు వస్తున్నది. ఈ మధ్యనే రేవు గోడను మరికొంత ఎత్తు చేశారు.

ఊరికి తూర్పున సముద్రంలోకి పొడుచుకుపోయిన రోష్‌ఫోర్ అనే మొన ఉన్నది. ఊళ్ళో చనిపోయిన ఫ్రెంచివారినీ, మొదటి ముట్టడి తరువాత చలికాలం జ్వరాలతో పోయిన మసాచూసెట్స్ రైతులనూ కూడా అక్కడే పూడ్చిపెట్టారు. ఆ గట్టును అలలు ఏటా కొరికేస్తున్నాయి. అందుచేత 2017 నుంచి విశ్వవిద్యాలయపు విద్యార్థులూ, పురావస్తు పండితులూ వేసవుల్లో అక్కడికి పోయి, కెరటాలకంటె ముందుగా ఒక్కొక్క సమాధినే జాగ్రత్తగా తెరిచి, అస్థికలను పైకి తీసి, వారు ఏ వయసువారో, ఏమి తిని బతికారో పరిశీలిస్తున్నారు. అక్కడ వెయ్యికి పైగా సమాధులున్నాయని అంచనా.